ధైర్యం సంగతి తర్వాత, ముందు ఆ బొటిక్ బాకీ వసూలు చెయ్యి

"అక్కా, నాకు 28 ఏళ్ళు. తిరుపతిలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, జీతం 31 వేలు. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం శ్రీకాళహస్తి వెళ్ళి ఒక గురువుగారి దగ్గర కలంకారీ నేర్చుకుంటున్నాను. రాత్రుళ్ళు ఇంట్లో గీస్తాను. ఇప్పటికి 2 చీరలు, 11 దుపట్టాలు అమ్మాను. ఉద్యోగం మానేసి పూర్తిగా ఇదే చెయ్యాలని ఉంది, కానీ రాజీనామా మెయిల్ ఆరు నెలలుగా డ్రాఫ్ట్‌లోనే ఉంది. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. గుడ్డల మీద బొమ్మలేసుకునేవాడికి పిల్లనెవరిస్తారు అంటారు. బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ గారు ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టారని చదివినప్పుడల్లా నాకు ఆ ధైర్యం ఎందుకు లేదని సిగ్గేస్తుంది. ధైర్యం ఎలా తెచ్చుకోవాలి?"
(పేరు వద్దన్నారు, తిరుపతి)

తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగు పేజీలు, పైన వేసింది అందులో పదో వంతు కూడా కాదు. అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

ఆ నాలుగు పేజీల్లో పేజీన్నర కసిమి గురించే ఉంది. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి ఓ మూడు వారాలు ఊరబెడితే వచ్చే నల్లరంగు అది. వెదురు పుల్లకి ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగించిన కలం అందులో ముంచి, కరక్కాయ పొడీ గేదెపాలూ పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద గీస్తారు. నేను ఒక్కసారే చూశాను. దర్శనం అయ్యాక మా ఆడపడుచు చీర కొంటానంటే ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాం. ఆయన గీసిన గీత పల్చటి టీ డికాషన్ రంగులో ఉంది. ఇదేంటి, నలుపన్నారు కదా అని అడగబోయేలోపే కళ్ళముందే నల్లబడిపోయింది. కరక్కాయలోని వగరుకి ఇనుము తగిలితే అంతేనమ్మా అన్నారాయన. పాలెందుకంటే, గీత గుడ్డలో పాకకుండా ఉండటానికట. అంతా బాగుంది కానీ ఆ గదిలో వాసన ఉంది చూశావూ, పులిసిన పాలు, తడి గుడ్డలు, కుండలో ఊరిన ఇనుము అన్నీ కలిసి, మా ఆడపడుచు బేరం తెగేదాకా కొంగు ముక్కు మీంచి తియ్యలేదు.

నువ్వేమో ఆదివారం బస్సు దిగి ఆ వాకిట్లోకి అడుగు పెట్టగానే ఆ వాసనకి ప్రాణం లేచొస్తుందని రాశావు. ఉత్తరంలో నేను ఆగి రెండోసారి చదివిన వాక్యం అదే. బొమ్మ గీయడం ఇష్టమని రాసేవాళ్ళు నాకు వారానికొకరు తగులుతారు. గుడ్డ ఉతకడం, పటిక పట్టించడం, ఎర్ర చెక్కలు వేసిన నీళ్ళలో గంటలకొద్దీ ఉడికించడం, మళ్ళీ ఉతకడం, ఎండకోసం ఆకాశం కేసి చూడటం, ఇవి కూడా ఇష్టమని రాసింది నువ్వొక్కడివే. జీతం గురించి మాత్రం రెండే లైన్లు రాశావు. కాబట్టి నీకు ఈ పని నిజంగా ఇష్టమేనా అన్న అనుమానం నాకు లేదు, ఆ చర్చ వదిలేద్దాం.

ధైర్యం లేదన్నావు. రెండేళ్ళుగా ఉన్న ఒక్క సెలవు రోజూ బస్సులో గంట వెళ్ళి, గంట వచ్చి, పైసా రాని రోజుల్లో కూడా మానకుండా ఉన్నవాడివి. పిరికివాళ్ళు ఇలా ఉంటారా? నీకున్న భయాలు నీ ఉత్తరంలోనే విడివిడిగా కనిపిస్తున్నాయి. ఒకటో తారీఖు ఫోన్లో జీతం పడిన మెసేజ్ రాదే అన్న భయం. నాన్న ముందు నోరు విప్పాలంటే భయం. పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని భయం. అన్నీ మూటగట్టి దానికి ధైర్యం లేకపోవడం అని పేరు పెట్టావు, అంత పెద్ద మూటని ఎవరైనా ఎక్కడ పట్టుకుని ఎత్తుతారు?

గోపీచంద్ గారి సంగతి. ఆయన ఇల్లు తాకట్టు పెట్టిన మాట నిజమే. కానీ అప్పటికి ఆయన 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచిన మనిషి, 1980లో ప్రకాశ్ పదుకొణె తర్వాత ఆ కప్పు తెచ్చిన రెండో భారతీయుడు. ప్రభుత్వం గచ్చిబౌలిలో స్థలం ఇచ్చింది, ఒక పారిశ్రామికవేత్త పెద్ద మొత్తం ఇచ్చారు, ఇంకా చాలకపోతే ఇల్లు తాకట్టు పెట్టారు. 2008లో అకాడమీ మొదలైంది. ఒలింపిక్స్‌లో 2012లో సైనా కంచు, 2016లో సింధు వెండి వచ్చాక మనమందరం తాకట్టు కథ చెప్పుకోవడం మొదలుపెట్టాం. ఆ పతకాలు రాకపోయి ఉంటే అదే తాకట్టుని మన వీధిలో ఏమనేవాళ్ళో నీకూ తెలుసు నాకూ తెలుసు. ఆయన సాహసం చిన్నదని అనడం లేదు, కానీ తన చేతిలో ఏ విద్య ఎంతవరకు ఉందో లెక్క తెలిసిన మనిషి చేసిన పని అది. నీ లెక్క నువ్వు వేసుకోకుండా ఆయనతో పోల్చుకుని సిగ్గుపడటం దేనికి?

లెక్క నేను వేశాను. నువ్వు అకౌంటెంటువి, తప్పులుంటే దిద్దు.

చీరకి 25 రోజులు పట్టిందన్నావు, 14 వేలకి అమ్మావు, గుడ్డ, రంగులు, ప్రయాణం కలిపి ఖర్చు 3,500. మిగిలింది 10,500. దుపట్టాకి నాలుగు రోజులు, ధర 2,800, ఖర్చు 700, మిగిలేది 2,100. అంటే 24 రోజుల్లో ఆరు దుపట్టాలు గీస్తే 12,600. చీర కంటే దుపట్టాలే నయం, ఈ సంగతి నువ్వు గమనించావో లేదో. ఇక ఖర్చు: చెల్లెలి పెళ్ళి అప్పు వాయిదా 8,500, ఇంట్లో ఇచ్చేది 10 వేలు, నీ సొంత ఖర్చు ఎంత పిసినారిగా ఉన్నా 4 వేలు. మొత్తం 22,500.

గీసినవన్నీ అమ్ముడైతేనే నెలకి దాదాపు 10 వేలు తక్కువ పడుతున్నాయి. అన్నీ అమ్ముడు కావు. సగం అమ్ముడైతే, అమ్ముడు కానివాటి ఖర్చు పక్కన పెట్టినా, 16,200 తక్కువ. బ్యాంకులో 1 లక్షా 90 వేలు ఉన్నాయన్నావు, అందులో 60 వేలు అమ్మా నాన్నల ఆసుపత్రి కోసం పక్కన పెట్టు, ఏమైనా సరే ముట్టుకోకు. మిగిలిన 1 లక్షా 30 వేలు ఎన్నాళ్ళొస్తాయి? ఎనిమిది నెలలు.

అంటే ఈ రోజు ఆ మెయిల్ పంపిస్తే నీ దగ్గర ఉన్న ధైర్యం ఎనిమిది నెలలది. నీ వేలు సెండ్ బటన్ మీదికి వెళ్ళి ఆరు నెలలుగా వెనక్కి వస్తోందంటే నీ బుర్రకి ఈ లెక్క తెలిసే ఆపుతోంది. దాన్ని తిట్టుకోకు.

ఇప్పుడు నువ్వు వినడానికి ఇష్టపడని మాట చెప్తాను. అకౌంట్స్ అంటే అసహ్యం పుట్టిందని రాశావు. ఆ ఆఫీసు, ఆ మేనేజరు, రాత్రి తొమ్మిదింటికి వచ్చే ఫోన్లు, వాటి మీద అసహ్యం అంటే అర్థం చేసుకుంటాను. అకౌంట్స్ ఏం చేసింది పాపం? తిరుపతిలో ట్యాలీ వచ్చినవాడికోసం, నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసిపెట్టే మనిషికోసం చూసే చిన్న కొట్లు ఎన్ని లేవు? మందుల షాపులు, హార్డ్‌వేర్ కొట్లు, లాడ్జీలు. తలా రెండున్నర వేలకి నాలుగు కొట్లు పట్టుకో. పది వేలు. నెలలో ఆరేడు రోజులు దానికి పోతాయి, ఆరు దుపట్టాలకి బదులు నాలుగో అయిదో అవుతాయి, అయినా సరే, సగమే అమ్ముడైనా అప్పుడు తక్కువ పడేది దాదాపు 8 వేలు. అదే 1 లక్షా 30 వేలు పదహారు నెలలు లాగుతుంది. చెల్లెలి పెళ్ళి అప్పు ఇంకా 14 వాయిదాలే ఉందని నువ్వే రాశావు. ఆ తర్వాత నెలకి 8,500 మిగులు.

పూర్తిగా కలంకారీయే చెయ్యాలి, ఇంకేదీ చేస్తే అది కళకి ద్రోహం అనే ధోరణి నీ ఉత్తరంలో అక్కడక్కడా ఉంది. అది ఎక్కడ అంటుకుందో నాకు తెలియదు కానీ వదిలించుకో. నీ గురువుగారే ఆదివారాలు నీలాంటివాళ్ళకి నేర్పి ఫీజు తీసుకుంటున్నారు కదా.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను లెక్క లేకుండా దూకాను. 2009లో, 34 ఏళ్ళప్పుడు, ఒక జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్ ఉద్యోగం మానేసి నెల్లూరులో పుస్తకాల కొట్టు పెట్టాను. అందరూ ఎంత ధైర్యమమ్మా అన్నారు, నేను నిజమే అనుకున్నాను. నా నాలుగు గాజులు బ్యాంకులో పెట్టి షెల్ఫులు చేయించాను, ఆ సంగతి మా ఆయనకి చెప్పలేదు, రెండు నెలల్లో విడిపించేస్తాను కదా అని. తెలిసినవాళ్ళు వచ్చి పుస్తకాలు అప్పు పట్టుకెళ్ళారు. ప్రతి నెలా వచ్చే నెల బాగుంటుంది అనుకున్నాను, స్కూళ్ళు తెరిస్తే బాగుంటుంది, దసరాకి బాగుంటుంది, సంక్రాంతికి బాగుంటుంది. ఎప్పటిదాకా చూడాలి, ఎప్పుడు మూసెయ్యాలి అని ముందే అనుకుని ఉంటే పదో నెలలో మూసేసేదాన్ని. 19వ నెలలో గాజుల వేలం నోటీసు వచ్చింది. పోస్ట్‌మన్ దాన్ని మా అత్తగారి చేతికిచ్చాడు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, పక్కింటి పదో తరగతి పిల్లాడిని పిలిచి చదివించుకుంది. నేను ఇంటికొచ్చేసరికి ఆ కాగితం మడిచి నా కంచం పక్కన పెట్టి ఉంది. ఆవిడ ఒక్క మాట అనలేదు, అన్నం పెట్టింది. అనుంటే బాగుండేది.

కొట్టు పోయినందుకు ఇప్పుడు బాధ లేదు. ఆ 19 నెలల్లో చదివిన పుస్తకాలు, కొట్టుకొచ్చి కూర్చున్న మనుషులు, ఇవాళ ఈ శీర్షిక రాయగలుగుతున్నానంటే అదంతా ఆ పెట్టుబడే. మా ఆయనకి చెప్పకపోవడం మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకని నాన్న దగ్గరికొద్దాం. నాన్నకి ప్యాషన్ అనీ డ్రీమ్ అనీ చెప్పకు, ఆ మాటలు వింటే ఆయనకి యూట్యూబ్‌లో ఉపన్యాసాలు గుర్తొస్తాయి. ముప్పై ఏళ్ళు టికెట్లూ చిల్లరా లెక్క చూసి డిపోలో పైసాతో సహా అప్పజెప్పిన మనిషి ఆయన. పైన వేసిన లెక్క ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసి ఆయన ముందు పెట్టు. ఇంట్లో ఇచ్చే 10 వేలు ఆగవని మొదటి లైన్లో రాయి. పదహారు నెలలకి సరిపోయే డబ్బుందని, అప్పటికి నెలకి ఇంత రాకపోతే మళ్ళీ ఉద్యోగం చూసుకుంటానని తారీఖుతో సహా రాయి, ఎందుకంటే ఆయన భయం నువ్వు బొమ్మలేస్తావని కాదు, ఎప్పటికీ ఇలాగే తేలకుండా ఉండిపోతావని. ఆయన కోప్పడతారు. పడనీ. ఆ కాగితం చింపకుండా బల్ల మీద వదిలేశారంటే రాత్రి కళ్ళజోడు పెట్టుకుని చదువుతారు.

ఇంకోటి, ఆయన్ని ఒక ఆదివారం శ్రీకాళహస్తి తీసుకెళ్ళు. గురువుగారిని పరిచయం చెయ్యి. అక్కడ ఇది ఒకప్పుడు దాదాపు పోయిన విద్య అని, చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకున్నాక 1957లో శిక్షణ కేంద్రం పెడితే జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు నేర్పారని, వాళ్ళబ్బాయి గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చిందని నీకు తెలిసే ఉంటుంది, కానీ నువ్వు చెప్తే నాన్నకి అది నీ వకాల్తా లాగా వినిపిస్తుంది. ఆయన వయసు మనిషి ఎవరైనా అరుగు మీద కూర్చుని చెప్తే వేరు. స్వర్ణముఖిలో నీళ్ళున్న రోజైతే ఇంకా మంచిది, పారే నీళ్ళలో గుడ్డ జాడిస్తుంటే మిగిలిన పటిక కొట్టుకుపోవడం చూస్తే ఎంత మొండి మనిషైనా ఓ రెండు ప్రశ్నలు అడుగుతాడు.

పెళ్ళి విషయం. మానేసేలోపు పెళ్ళి చేసుకుంటే నయమేమో అని ఒక మాట రాసి కొట్టేశావు, కొట్టేసినా కనిపిస్తోంది. వద్దు. 31 వేల జీతం చూసి పిల్లనిచ్చిన ఇంటికి మూడో నెలలో రాజీనామా చూపిస్తే దాన్ని మోసం అంటారు, ఇంకో పేరు లేదు. వచ్చిన సంబంధం వాళ్ళకి ముందే చెప్పు, అమ్మాయికి నువ్వే చెప్పు, మధ్యవర్తితో కాదు. కొన్ని సంబంధాలు పోతాయి. పోయినవి ఎటూ నిలిచేవి కావు.

ఇక అమ్మకం సంగతి, నిజానికి నాకు అసలు దిగులు ఇక్కడే. ఆన్‌లైన్లో 900కే కలంకారీ దుపట్టా ఉంది కదా, మీదెందుకు 2,800 అని అడుగుతారని రాశావు. అడుగుతారు, జీవితాంతం అడుగుతారు. అది కలంకారీ బొమ్మ అచ్చేసిన గుడ్డ అని వాదించకు, వాదిస్తే కొనరు. నీ దుపట్టా తిరగేసి వెనకవైపు చూపించు, రంగు గుడ్డలోకి దిగి కనిపిస్తుంది, గీత ఒకచోట సన్నం ఒకచోట లావు ఉంటుంది. ఫోన్లో తీసిన చిన్న వీడియో, గీత నల్లబడేది, చూపించు. నేను పడిపోయింది దానికే. కేంద్ర ప్రభుత్వ హస్తకళల శాఖ చేతిపనివాళ్ళకి ఇచ్చే గుర్తింపు కార్డు, పహచాన్ కార్డుకి ఇప్పుడే అప్లై చెయ్యి, గాంధీ శిల్ప్ బజార్ లాంటి చోట్ల స్టాల్ అడగాలన్నా అది చూపించమంటారు. గురువుగారి కొడుకు సాయం చేస్తానన్నాడని రాశావు, మరి ఏడాదిగా ఎందుకు చెయ్యలేదు? ఇలాంటివి చూసినప్పుడు మాత్రం నాకు కాస్త అనుమానమొస్తుంది తమ్ముడూ, పెద్ద గెంతు గురించి ఆరు నెలలు ఆలోచిస్తూ అరపూట పని వదిలేస్తున్నావేమో అని.

అలాంటి అరపూట పనే ఇంకోటుంది. మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాశావు, ఒక బొటిక్ ఆవిడ నాలుగు దుపట్టాలు పట్టుకెళ్ళి అమ్ముడయ్యాక ఇస్తానంది, అయిదు నెలలైంది, 11,200 రావాలి, అడగడానికి మొహమాటంగా ఉందని. చూడు, ఆఫీసులో పార్టీల దగ్గర బాకీలు వసూలు చేసే పని రోజూ చేస్తావు, కంపెనీ డబ్బైతే గొంతు లేస్తుంది, నీ డబ్బైతే మొహమాటం. ఉద్యోగం మానేశాక నీ తరఫున అడిగేవాడు నువ్వొక్కడివే. నేను అప్పు పట్టుకెళ్ళినవాళ్ళని అడగలేకనే మునిగాను కాబట్టి ఇది బాగా తెలిసి చెప్తున్నా. వచ్చే శనివారం వెళ్ళు. ఫోన్ చెయ్యకు, వెళ్ళు. అమ్మినవాటికి డబ్బు ఇమ్మను, అమ్మనివి వెనక్కిమ్మను. ఇకనుంచి ఎవరికిచ్చినా సగం ముందు తీసుకో. ఆ కొట్లోంచి నువ్వు బయటికొచ్చేటప్పుడు చేతిలో డబ్బో దుపట్టాలో ఉంటే, ఆ మెయిల్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

వరస ఇదీ: శనివారం బాకీ, ఈ నెల్లోనే కార్డుకి అప్లికేషన్, మూడు నెలల్లో ఉద్యోగంలో ఉండగానే రెండు కొట్ల అకౌంట్స్, మిగతా రెండు మాట ఖాయమయ్యాక నాన్న ముందు కాగితం, ఆ తర్వాత రాజీనామా. ఉగాది దాటకూడదు. ఉగాది నాటికి రెండు కొట్లు కూడా దొరకలేదంటే నాకు మళ్ళీ రాయి, ఇద్దరం కూర్చుని ఇంకోలా చూద్దాం. ఆఫీసువాళ్ళతో గొడవపడి మాత్రం బయటికి రావద్దు, రేపు వాళ్ళే నీకు అయిదో పార్టీ కావచ్చు.

నాకో దుపట్టా కావాలి. పసుపు ఎక్కువగా, అంచుకి చిలకలు, దేవుళ్ళ బొమ్మలొద్దు, వేసుకుని ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటాను. 1,400 ముందు పంపిస్తాను, మిగతాది అందాక. అక్క కదా అని ధర తగ్గించకు.